క్విల్ట్ ముక్కల కుట్లకు ఇస్త్రీ: తరచుగా అడిగే ప్రశ్నలు

క్విల్ట్ (బట్ట ముక్కలు అతికి చేసే బొంత) కుట్టేవాళ్ళు మిషన్ గురించి, కటింగ్ గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. ఇస్త్రీ మాట వస్తే మాత్రం "వేడి చేసి నొక్కడమే కదా" అని దాటేస్తారు. మూలలు కలవకపోవడం, బ్లాక్ (కొన్ని ముక్కలు అతికి చేసిన ఒక చదరం) ఒక పక్కకి లాగినట్టు ఉండడం, బ్లాక్‌లన్నీ కలిపి పూర్తిచేసిన పైబట్ట మధ్యలో ఉబ్బడం లాంటివి జరిగితే నింద మిషన్ మీద వేస్తాం గానీ, అసలు తేడా చాలాసార్లు ఇస్త్రీ బల్ల మీదే మొదలవుతుంది. ఇక్కడ చెప్పేది నూలు బట్టతో, పావు అంగుళం మార్జిన్ పెట్టి ముక్కలు అతికే పని గురించి. కుట్టుకి అవతల మిగిలే బట్టని మార్జిన్ అంటున్నాను. వేరే రకం బట్టల సంగతి అవసరమైన చోట విడిగా చెప్పాను.

చొక్కాకి చేసినట్టే ఇస్త్రీ చేస్తే ఏమవుతుంది?

బట్ట సాగుతుంది. చొక్కాని ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెని ముందుకీ వెనక్కీ తోస్తాం, ముడతలు పోవడమే అక్కడ కావలసింది. క్విల్ట్ ముక్కకి ముడతలు పోవడంతో పాటు కొలత కూడా నిలవాలి. నేతబట్టలో పడుగు వెంట సాగుడు దాదాపు ఉండదు, పేక వెంట కొంచెం ఉంటుంది, ఐమూలగా లాగితే చాలా సాగుతుంది. వేడి తగిలినప్పుడు నూలు మెత్తబడుతుంది. ఆ సమయంలో బరువైన పెట్టెతో తోస్తే ముక్క ఆ దిశలో సాగి, చల్లారాక అలాగే ఉండిపోతుంది.

అందుకే పెట్టెని ఎత్తాలి, కావలసిన చోట దించాలి, రెండు మూడు క్షణాలు ఉంచాలి, మళ్ళీ ఎత్తి పక్కన దించాలి. జరపకూడదు. మొదట్లో ఇది చాలా నిదానంగా అనిపిస్తుంది, చేయగా చేయగా చేతికి అలవాటవుతుంది. చేత్తో గట్టిగా అదమాల్సిన పని కూడా లేదు, పెట్టె బరువు చాలు.

ముక్క తెరవకముందే కుట్టు మీద ఒకసారి ఇస్త్రీ పెట్టమంటారు. అది నిజంగా అవసరమా?

అవసరమే. దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ, అదే నాకు ఆశ్చర్యం. మిషన్ మీద నుంచి వచ్చిన కుట్టు కొంచెం బిగుసుకుని, అక్కడక్కడ చిన్న కుచ్చులు పడి ఉంటుంది. రెండు ముక్కలు ఇంకా ఒకదానిమీద ఒకటి మూసి ఉండగానే కుట్టు మీద పెట్టె దించితే దారం బట్టలోకి ఒదిగి, కుట్టు సాపుగా వస్తుంది. ఆ తర్వాత తెరిస్తే మడత నిటారుగా వస్తుంది.

మొత్తం పని ఇలా సాగుతుంది: మార్జిన్ ఏ బట్ట వైపు వెళ్ళాలో ఆ బట్ట పైన ఉండేలా, కుట్టిన అంచు మీకు ఎదురుగా అవతలి వైపు ఉండేలా బల్ల మీద పరవండి. మూసిన కుట్టు మీద పెట్టె దించి తీయండి. వేడి ఆరనివ్వండి. పై ముక్కని ఎత్తి అవతలికి తిప్పి, కుట్టు గీత వెంట వేలిగోటితో మెల్లగా సాపు చేయండి. తర్వాత పెట్టె అంచుని కుట్టు గీతకి ఆనించి దించండి. మడత పూర్తిగా తెరుచుకుందో లేదో పైవైపు నుంచే చూడాలి. వెనకవైపు నుంచి చేస్తే మార్జిన్ చక్కగా పడుకున్నట్టు కనిపిస్తుంది గానీ, పైవైపు కుట్టు పక్కన సన్నటి మడత దాక్కుని ఉంటుంది.

మార్జిన్‌ని ఒకవైపు మడవాలా, చెరోవైపు విప్పాలా?

క్విల్టర్లు దీని మీద ఎంతసేపైనా వాదించుకోగలరు. రెండూ సరైన పద్ధతులే, ఏ పనికి ఏది అన్నదే తేల్చుకోవాలి.

ఒకవైపు మడిస్తే కుట్టు మీద రెండు పొరల మార్జిన్ ఒకే పక్కకి వాలి, దారానికి రక్షణగా ఉంటుంది. పని తొందరగా అవుతుంది. పక్క వరుసతో మూలలు కలపడం సులువు (దాని గురించి కింద చెప్పాను). తర్వాత క్విల్టింగ్ చేసేటప్పుడు, అంటే పైబట్టని లోపలి మెత్తటి పొరతో, అడుగుబట్టతో కలిపి కుట్టేటప్పుడు, కుట్టు పక్కనే, పల్లంగా ఉన్న వైపు దారం దాచి కుట్టే వీలుంటుంది. రోజూ వాడే, తరచూ ఉతికే క్విల్ట్‌కి నేను ఇదే ఎంచుకుంటాను.

చెరోవైపు విప్పితే మందం రెండు వైపులా సమానంగా పంచుకుని బ్లాక్ పలకలా పరుచుకుంటుంది. నక్షత్రాల కొనలు, ఆరు ఎనిమిది ముక్కలు ఒకే బిందువులో కలిసే డిజైన్లు, బాగా చిన్న ముక్కలు, మందపాటి ఫ్లానెల్ లాంటి చోట్ల ఇదే బాగుంటుంది. ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఒక్కో కుట్టు విప్పి ఇస్త్రీ చేయడానికి సమయం పడుతుంది. రెండు బట్టల మధ్య ఆధారం దారమే కాబట్టి కుట్టు పొడవు తగ్గించాలి: మామూలుగా 2.5 మిల్లీమీటర్లు పెట్టేవాళ్ళు ఇక్కడ 2 లేదా 1.8కి దించుకుంటే మేలు. ఇలా విప్పిన కుట్టు గీతలోనే క్విల్టింగ్ చేస్తే సూది నేరుగా ఆ దారం మీదే దిగుతుంది. కాబట్టి అలాంటి చోట గీత దాటించి పక్కన కుట్టండి.

ఒకే క్విల్ట్‌లో రెండు పద్ధతులూ వాడొచ్చు. బ్లాక్ లోపల విప్పి, బ్లాక్‌లు కలిపే చోట ఒకవైపు మడిచేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ముదురు రంగు వైపే మడవాలని నియమమా?

నియమం కాదు, మంచి అలవాటు. లేతరంగు బట్ట వెనక ముదురు మార్జిన్ ఉంటే పైకి నీడలా కనిపిస్తుంది. తెల్లబట్ట పక్కన ఎరుపో నీలమో ఉంటే మరీ తెలిసిపోతుంది. మూలలు కలవడం కోసమో, మందం తగ్గించడం కోసమో లేతరంగు వైపే మడవాల్సి వస్తే ముదురు మార్జిన్‌ని లేత మార్జిన్ కంటే అంగుళంలో 16వ వంతు సన్నగా కత్తిరించండి. అప్పుడు లేతబట్ట దాన్ని కప్పేస్తుంది. రంగుకీ మూలకీ పోటీ వచ్చినప్పుడు నేను మూల వైపే ఉంటాను. నీడకి ఇలా చిన్న ఉపాయం ఉంది గానీ, తప్పిపోయిన మూలకి కుట్టు విప్పడం తప్ప దారి లేదు.

వరుసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానికొకటి సరిపోవడం లేదు. పిన్నులు పెట్టినా అంతే. ఏం చేయాలి?

ముందు పిన్నుల సంగతి వదిలేసి మార్జిన్లు ఎటు వాలి ఉన్నాయో చూడండి. పై వరుసలో మార్జిన్ కుడికీ, కింది వరుసలో ఎడమకీ వాలి ఉంటే, రెండింటినీ ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒక మార్జిన్ ఉబ్బు రెండోదాని పక్కనున్న పల్లంలోకి వచ్చి ఆగుతుంది. వేళ్ళతో తడిమితే ఎక్కడ కలిసిందో తెలిసిపోతుంది. ఇంకా జరపబోతే అడ్డం తగులుతుంది. అలా లాక్ అయిన మూలకి పిన్ను పెట్టినా పెట్టకపోయినా కుట్టు సరిగ్గా వస్తుంది. రెండు వరుసల్లోనూ మార్జిన్లు ఒకే పక్కకి ఉంటే నాలుగు పొరలు ఒకచోట గుట్ట పడి, మిషన్ పాదం కింద పై బట్ట జారిపోతుంది.

తొమ్మిది ముక్కల బ్లాక్ తీసుకోండి. మూలల్లో, మధ్యలో ముదురు ముక్కలు, మిగతా చోట్ల లేతవి అనుకుందాం. మొదటి వరుస ముదురు, లేత, ముదురు. అన్నీ ముదురు వైపు మడిస్తే మార్జిన్లు బయటికి వెళ్తాయి. రెండో వరుస లేత, ముదురు, లేత. ఇందులో లోపలికి వస్తాయి. మూడోది మళ్ళీ బయటికి. అంటే ముదురు వైపు మడవడం అన్న ఒక్క అలవాటుతోనే మూలలన్నీ వాటంతటవే ఎదురెదురు పడతాయి. రంగులు ఇంత తేలిగ్గా కుదరని డిజైన్‌లో సరి వరుసలు ఎడమకి, బేసి వరుసలు కుడికి అని పెట్టుకోండి.

ఇది వరుసలతో ఆగదు. బ్లాక్‌లు పక్కపక్కన చేరినప్పుడు వాటి అంచుల్లోని మార్జిన్లు కూడా ఎదురెదురు పడాలి. అందుకే కుట్టు మొదలుపెట్టకముందే కాగితం మీద డిజైన్ గీసి, ప్రతి కుట్టు దగ్గరా చిన్న బాణం గుర్తు వేసుకోవడం మంచిది. కాగితం మీద బాణం తిప్పడం క్షణంలో పని. ఇస్త్రీ అయిపోయిన నలభై బ్లాక్‌ల మార్జిన్లు తిప్పాలంటే విసుగొస్తుంది. బ్లాక్‌ల మధ్య పట్టీలు పెడుతున్నట్టయితే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. మార్జిన్లన్నీ పట్టీ వైపే మడిచేయొచ్చు.

నాలుగు ముక్కలు కలిసే చోట గడ్డలా ఎత్తుగా ఉంటోంది. దాన్ని అణచడం ఎలా?

పెట్టెతో గట్టిగా అదమడం వల్ల అది పోదు, పైగా అక్కడ బట్ట మెరుస్తుంది. మార్జిన్లని చుట్టూ తిప్పాలి. రెండు జతలు కలిపి కుట్టాక బ్లాక్‌ని వెనక్కి తిప్పండి. చివరి కుట్టుకి పైన, మార్జిన్ లోపల మాత్రమే మిగిలున్న నిలువు కుట్టులో రెండు మూడు కుట్లు విప్పండి. రెండు వైపులా అలాగే చేయండి. చివరి కుట్టు గీతని మాత్రం దాటొద్దు. ఇప్పుడు మధ్యలో వేలు పెట్టి మెల్లగా తెరిస్తే నాలుగు మార్జిన్లూ ఒకే దిశలో, గాలిమర రెక్కల్లా తిరిగి పడతాయి. మధ్యలో చిన్న నాలుగు గళ్ళ బ్లాక్ కనిపిస్తుంది. అప్పుడు ఇస్త్రీ చేస్తే పొరలు సమంగా పరుచుకుంటాయి.

రెండు జతల మార్జిన్లు ముందు ఎదురెదురు దిశల్లో ఉంటేనే ఈ తిప్పుడు కుదురుతుంది. ఎనిమిది త్రికోణాలు కలిసే మధ్యబిందువులోనూ ఇదే చేయొచ్చు, లేదా చివరి కుట్టు మార్జిన్‌ని చెరోవైపు తెరిచి ఇస్త్రీ చేయడం కూడా సులువే.

పావు అంగుళమే కుట్టాను. ఇస్త్రీ అయ్యాక బ్లాక్ చిన్నదైంది. బట్ట కుంచించుకుపోయిందా?

ఎక్కువసార్లు అది కాదు. బట్ట కుట్టు మీద మడత తిరిగేటప్పుడు ఆ మలుపు ఒకటి రెండు దారాల వెడల్పు తినేస్తుంది. కుట్టు కచ్చితంగా పావు అంగుళం ఉన్నా, తెరిచాక అంతకంటే ఎక్కువ పోయినట్టు తేలుతుంది. అందుకే పావు అంగుళానికి ఒక దారం వెడల్పు తక్కువగా కుట్టుకుంటారు.

చూసుకోవడం తేలిక. రెండున్నర అంగుళాల చదరపు ముక్కలు మూడు వరసగా కుట్టి, ఇస్త్రీ చేసి, చల్లారాక కొలవండి. మొత్తం ఆరున్నర అంగుళాలు, మధ్య ముక్క సరిగ్గా రెండు అంగుళాలు రావాలి. తక్కువ వస్తే మిషన్ మీద కుట్టు గైడ్‌ని కొంచెం సూది వైపు జరపకముందు, పైవైపు కుట్టు పక్కన మడత దాగుందేమో వేలిగోటితో గీసి చూడండి. మడత దొరికితే సరిచేయాల్సింది కుట్టుని కాదు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ ఎనిమిది ముక్కల వరుసలో ఏడు కుట్లుంటాయి. ఒక్కోచోట అంగుళంలో 16వ వంతు పోతే ఆ వరుస మొత్తం మీద దాదాపు అర అంగుళం పోయినట్టే.

వేడిగా ఉండగా కొలిచిన కొలతని నమ్మకండి.

సగం చదరపు త్రికోణాలు ఇస్త్రీ చేస్తే వంకర పోతున్నాయి.

రెండు త్రికోణాలు కలిసే ఆ పొడవాటి కుట్టు బట్టకి ఐమూలగా ఉంటుంది. పెట్టెని ఆ కుట్టు వెంట తోస్తే మూలలు ముక్కుల్లా బయటికి సాగుతాయి. మూసి ఉండగా ఒకసారి దించండి, తెరిచి, కుట్టు మధ్యలో ఒకసారి, తర్వాత రెండు చివర్లలో దించండి. పెట్టె కదలిక ఏదైనా తప్పనిసరి అయితే అది చదరానికి నిలువు అంచు వెంటే ఉండాలి, ఐమూల వెంట ఉండకూడదు. కొంచెం పెద్దవిగా కుట్టి, ఇస్త్రీ అయ్యాక కొలతకి కత్తిరించుకుంటే ఇంకా నిశ్చింత. చివర్లలో బయటికొచ్చే చిన్న చెవుల్ని కూడా అప్పుడే తీసేయాలి. ఇస్త్రీకి ముందే కత్తిరించి కొలత తప్పిందని బాధపడి లాభం లేదు.

పెద్ద త్రికోణానికి రెండు పక్కలా చిన్న త్రికోణాలు చేరే బ్లాక్‌లో మార్జిన్లని చిన్న త్రికోణాల వైపు మడవండి. పెద్ద త్రికోణం కొన పలచగా ఉండి, తర్వాతి కుట్టు ఎక్కడ వేయాలో స్పష్టంగా కనిపిస్తుంది.

పొడవాటి స్ట్రిప్‌లు కలిపి ఇస్త్రీ చేస్తే ధనుస్సులా వంగుతున్నాయి. ఎందుకు?

రెండు కారణాలు. అన్ని స్ట్రిప్‌లూ ఒకే చివర నుంచి కుట్టుకుంటూ వస్తే లాగుడు ఒకే పక్క పేరుకుంటుంది. ఒక కుట్టు ఈ చివర నుంచి, తర్వాతిది ఆ చివర నుంచి మొదలుపెట్టండి. రెండోది, పొడుగు వెంట పెట్టె లాగడం. స్ట్రిప్‌ల సెట్‌ని బల్లకి అడ్డంగా పరిచి, ఒకసారికి ఒక జానెడు భాగం మాత్రమే తెరిచి, దించి, తర్వాతి జానెడుకి వెళ్ళండి. ఒక్కో స్ట్రిప్ కలిపినప్పుడల్లా ఇస్త్రీ చేయాలి. ఆరు కుట్టేసి చివర్లో అన్నీ కలిపి చేద్దామంటే మధ్యవాటి మడతలు తెరుచుకోవు. బల్ల మీద ముందే ఒక నిటారు గీత గీసి ఉంటే దానికి ఆనించి చేయొచ్చు.

ఆవిరి వాడొచ్చా?

ఇక్కడ కూడా రెండు జట్లున్నాయి. తడి తగిలితే నూలు ఇంకా మెత్తబడి, చెప్పినట్టు వింటుంది. ముడత బాగా పోతుంది, మడత పదునుగా పడుతుంది. అదే గుణం వల్ల చేయి కొంచెం జారితే బట్ట అటే సాగిపోతుంది. ముక్కలు అతికే దశలో పొడి ఇస్త్రీ చేయమనే చెబుతాను, ముఖ్యంగా ఐమూల అంచులు బయటికి ఉన్నప్పుడు. మొండి మడత ఉంటే వేలు తడిపి అక్కడ మాత్రమే రాసి నొక్కితే చాలు. బ్లాక్ పూర్తయి, నాలుగు అంచులూ నిటారు పోగు మీద ఉన్నప్పుడు ఆవిరి పెట్టుకోవచ్చు. తడి ఆరేదాకా దాన్ని కదపకండి.

గంజి పెడితే నిజంగా తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది, అయితే కుట్టాక పెట్టే గంజి కంటే కత్తిరించకముందు పెట్టే గంజి ఎక్కువ పనిచేస్తుంది. గంజి పట్టిన బట్ట గట్టిగా నిలబడుతుంది, ఐమూల కోతలు సాగవు, మార్జిన్ మడిచినచోటే ఉంటుంది. స్ప్రే వాడితే చల్లిన వెంటనే పెట్టె పెట్టొద్దు. బట్ట పీల్చుకునే దాకా ఆగండి, లేకపోతే తెల్లటి పొట్టు లేచి పెట్టె అడుగున మాడుతుంది. తడి గంజితో బట్ట కొంచెం కుంచించుకునే అవకాశం ఉంది కాబట్టి కూడా కోతకి ముందే ఆ పని ముగించాలి. గంజి పెట్టిన బట్టని నెలల తరబడి బీరువాలో దాచకండి, పురుగులకి గంజి ఇష్టం. క్విల్ట్ పూర్తయ్యాక ఒకసారి ఉతికేస్తే సరి.

ఎంత వేడి పెట్టాలి?

పెట్టె మీద చుక్కల గుర్తులుంటాయి. ఒక చుక్క అంటే గరిష్ఠంగా 110 డిగ్రీల సెల్సియస్, రెండు అంటే 150, మూడు అంటే 200. నూలుకి మూడు చుక్కలు. పాలిస్టర్ కలిసిన బట్టకి రెండు, సందేహంగా ఉంటే ఒకటితో మొదలుపెట్టి పైకి వెళ్ళండి. పట్టుకి తక్కువ వేడి, పైన పలచని నూలుగుడ్డ. అంతా నూలే అయినా దారం వేరేదై ఉండొచ్చని మర్చిపోవద్దు. మామూలు పాలిస్టర్ దారం నూలు వేడికి తట్టుకుంటుంది, కంటికి కనిపించని నైలాన్ దారం మాత్రం అంత వేడికి మెత్తబడి తెగొచ్చు. ఎప్పుడూ ఒక వేస్టు ముక్క మీద చూసుకున్నాకే బ్లాక్ మీద పెట్టండి.

ఇస్త్రీకి ఎలాంటి బల్ల మంచిది?

గట్టిది. మెత్తటి దూది పరిచిన బల్ల మీద బ్లాక్ లోపలికి దిగిపోయి, కుట్ల దగ్గర వంకర పడుతుంది. బట్టల ఇస్త్రీ బల్ల మీద చేయక తప్పకపోతే పైన రెండు పొరల నూలుగుడ్డ బిగుతుగా లాగి కట్టండి. ఒత్తిన ఉన్నితో చేసిన మ్యాట్ దొరికితే బాగుంటుంది. అది వేడిని పట్టి ఉంచి కింద నుంచి కూడా ఇస్త్రీ చేస్తుంది, బట్ట దాని మీద జారదు. తడిస్తే ఉన్ని వాసన వస్తుంది, అది మామూలే. ఆవిరి దాని గుండా కిందికి దిగుతుంది కాబట్టి పాలిష్ చేసిన చెక్క బల్ల మీద నేరుగా వేయకండి, వేడికి తట్టుకునేది ఏదైనా మధ్యలో ఉండాలి.

రోటరీ కట్టర్ వాడే ప్లాస్టిక్ మ్యాట్ మీద మాత్రం పెట్టె పెట్టొద్దు. వేడికి అది శాశ్వతంగా వంగిపోతుంది. వేడి టీ కప్పు పెట్టినా అంతే.

చెక్క దిమ్మతో నొక్కడం చూశాను. అది దేనికి?

పెట్టె తీసిన మరుక్షణం గట్టి చెక్క దిమ్మని కుట్టు మీద పెట్టి పది పదిహేను క్షణాలు ఉంచుతారు. చెక్క తడినీ వేడినీ పీల్చుకుంటుంది, ఆ బరువు కింద బట్ట చల్లారి పలచగా స్థిరపడుతుంది. మడత నిలిచేది వేడిలో కాదు, చల్లారేటప్పుడు. అందుకే వేడి బ్లాక్‌ని ఎత్తి పక్కన పడేస్తే చేసిన పనంతా కొంత వెనక్కి పోతుంది. దిమ్మకి పాలిష్, వార్నిష్ ఉండకూడదు, అంచులు గరుకుగా ఉండకూడదు. అది లేకపోతే బరువైన పుస్తకం పెట్టినా చాలావరకు పని జరుగుతుంది, అట్ట రంగు అంటకుండా మధ్యలో గుడ్డ వేయండి.

ప్రతి కుట్టుకీ లేచి వెళ్ళాలా? వేలితో నొక్కితే చాలదా?

తర్వాతి కుట్టు ఈ కుట్టుని అడ్డంగా దాటేదైతే దానికి ముందు వేడి ఇస్త్రీ తప్పదు. దాటనిదైతే వేలిగోటితోనో, చిన్న రోలర్‌తోనో, చెక్క ముక్కతోనో సాపు చేసి ముందుకెళ్ళొచ్చు. ఐమూల కుట్టు మీద గోటితో గీకడం కూడా పెట్టె తోయడం లాంటిదే, సాగుతుంది. ముక్కలన్నీ వరసగా ఒకదాని వెనక ఒకటి గొలుసులా కుట్టేసి, ఒకేసారి బల్ల దగ్గరికి తీసుకెళ్తే నడక తగ్గుతుంది. కాసేపటికోసారి లేచి నడవడం వీపుకి మంచిదే అనుకోండి.

కాగితం మీద కుట్టే పద్ధతిలో ఇస్త్రీ ఎలా?

ఆవిరి ఆపేయండి, కాగితం ముడుచుకుని కొలత మారుతుంది. ప్రతి ముక్క కుట్టాక తెరిచి నొక్కాలి, వాటికి చెక్క ముక్క చాలు. బ్లాక్ పూర్తయ్యాక పొడి వేడితో చేయండి. ప్రింటర్‌లో ముద్రించిన కాగితమైతే వేడికి సిరా పెట్టెకో బల్లకో అంటుకోవచ్చు, కింద పైన పాత గుడ్డ వేసుకోండి. కాగితం ముక్క చుట్టూ బట్ట మడిచి షడ్భుజాలు చేతితో కుట్టేవాళ్ళు కాగితం లోపల ఉండగానే ఒకసారి ఇస్త్రీ చేసి, పూర్తిగా చల్లారాక తీస్తే అంచులు అలాగే నిలుస్తాయి.

పెన్నుతో గీసిన గుర్తుల మీద ఇస్త్రీ పెట్టొచ్చా?

అది ఏ పెన్ను అన్నదాన్ని బట్టి. నీటితో పోయే నీలం పెన్ను గీతల మీద వేడి పెడితే అవి శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. ముందు చల్లటి నీళ్ళతో పోగొట్టి, ఆరాకే ఇస్త్రీ. గాలికి పోయే ఊదారంగు పెన్నుకీ ఇదే జాగ్రత్త. వేడికి మాయమయ్యే జెల్ పెన్నులు సరిగ్గా దీనికి ఉల్టా: పెట్టె తగలగానే గీత పోతుంది గానీ, బాగా చలి తగిలితే తిరిగి కనిపించవచ్చు, ముదురు బట్ట మీద తెల్లటి జాడ మిగలొచ్చు. వాటిని మార్జిన్ లోపల గీసే గీతలకే వాడుకోవడం మంచిది. సుద్దతో ఈ గొడవలేవీ లేవు.

ఎర్రబట్ట రంగు తెల్లదానికి అంటింది. ఇస్త్రీ వల్లేనా?

తడి, వేడి, ఒత్తిడి మూడూ కలిస్తే నిలకడ లేని రంగు పక్కబట్టకి ఎక్కుతుంది. ముదురు ఎరుపు, నీలం, నలుపు బట్టల మీద తడిపిన తెల్లగుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ బట్టని కత్తిరించకముందే ఉతకాలి, అప్పటికీ కారుతుంటే ఆ క్విల్ట్‌లోకి రానివ్వకండి. ఇప్పటికే అంటిన మరక మీద మళ్ళీ వేడి పెట్టొద్దు.

చేతులు కాలకుండా, ప్రమాదం జరగకుండా ఏమేం చూసుకోవాలి?

చిన్న మార్జిన్లు విప్పేటప్పుడు వేళ్ళు పెట్టె కొనకి అతి దగ్గరగా వెళ్తాయి. అక్కడ వేలికి బదులు సన్నటి చెక్కపుల్లో వెదురుపుల్లో వాడండి. ఆవిరి పెట్టె అయితే అవతలి చేయి ఎప్పుడూ ఆవిరి రంధ్రాలకి దూరంగా ఉండాలి, ఆవిరి కంటికి సరిగా కనిపించకుండానే కాలుస్తుంది. ప్లాస్టిక్ తల పిన్నులు, ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టె కింద కరిగి బట్టకి అతుక్కుంటాయి. పిన్నులు తీసేసి చేయడమే మేలు, తప్పదంటే గాజు తలవి.

ఇస్త్రీ పెట్టెలు సాధారణంగా 1000 నుంచి 2400 వాట్ల దాకా లాగుతాయి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకి పెట్టె, హీటర్ రెండూ తగిలించకూడదు. నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. వైరు నడిచే దారిలో వేలాడకూడదు, కాలు తగిలితే పెట్టె కింద పడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్గు తీయాలి. కొంతసేపు కదపకపోతే తానే ఆగిపోయే పెట్టె క్విల్టర్లకి చిరాకే, ఎందుకంటే కుట్టి వచ్చేసరికి చల్లబడి ఉంటుంది. అయినా నేను దాన్నే ఇష్టపడతాను. బల్ల చుట్టూ గుడ్డ ముక్కలు, కాగితాలు, బ్యాటింగ్ (క్విల్ట్ లోపల పెట్టే మెత్తటి పొర) ఉండే గదిలో మరిచిపోయిన పెట్టెతో వచ్చే ముప్పు ఆ చిరాకు కంటే చాలా పెద్దది.

కాలితే ముందు ఏం చేయాలి?

పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. ఐస్, టూత్‌పేస్ట్, వెన్న, నూనె ఏవీ పెట్టొద్దు. బొబ్బలు చిదపొద్దు. శుభ్రమైన గుడ్డతో వదులుగా కప్పండి. గాయం మీ అరచేయి (వేళ్ళతో సహా) కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్ళ మీద బొబ్బలొచ్చినా, చర్మం తెల్లగానో నల్లగానో మారినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మార్జిన్ తప్పు వైపు ఇస్త్రీ చేసేశాను.

తెరిచి ఉన్నదాన్నే అటు లాగి నొక్కొద్దు, పాత మడత పక్కనే కొత్త మడత పడుతుంది. ముక్కలని మళ్ళీ మూసి, కుట్టు మీద ఇస్త్రీ చేసి పాత మడతని చెరిపేయండి. చల్లారాక రెండో వైపు తెరవండి. పొడవాటి కుట్టు మధ్యలో ఒకచోట మాత్రమే మెలి తిరిగి ఉంటే, అక్కడ మార్జిన్‌కి అడ్డంగా చిన్న గంటు పెట్టి రెండు వైపులకీ పంపేవాళ్ళున్నారు. కుట్టు దాకా తెగితే బట్ట పీచు లేస్తుంది, కాబట్టి అది ఆఖరి ఉపాయం.

పెట్టె అడుగు నల్లబడింది. బట్టకి మరకలవుతున్నాయి.

గంజి, అతికించే జిగురు మాడడం వల్ల అలా అవుతుంది. ప్లగ్గు తీసి, చల్లారాక తడిగుడ్డతో తుడవండి. జిగురు అయితే గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత నూలుగుడ్డ మీద రుద్దితే వస్తుంది. నాన్‌స్టిక్ అడుగుని గీకొద్దు.

పైబట్ట మొత్తం పూర్తయ్యాక ఎలా చేయాలి? క్విల్టింగ్ అయ్యాక కూడా ఇస్త్రీ చేయాలా?

ముందు వెనకవైపు. మార్జిన్లన్నీ అనుకున్న దిశలో ఉన్నాయో లేదో చూస్తూ చేయండి, పొడవాటి దారాలన్నీ అప్పుడే కత్తిరించండి. ముదురు దారం ఒక్కటి లేత బట్ట వెనక ఉన్నా తర్వాత పైకి కనిపిస్తుంది, అప్పుడు తీయడానికి వీలుండదు. బార్డర్ కుట్ల మార్జిన్లు బార్డర్ వైపు మడవండి. తర్వాత తిప్పి పైవైపు ఒకసారి. బరువుకి పైబట్ట బల్ల మీద నుంచి జారి వేలాడితే అంచులు సాగుతాయి, పక్కన కుర్చీయో మరో బల్లో వేసి దాని మీద పేర్చుకోండి. ఇస్త్రీ అయ్యాక మడత పెట్టకుండా గుండ్రంగా చుట్టి ఉంచితే క్విల్టింగ్ నాటికి మళ్ళీ చేయనక్కర్లేదు.

క్విల్టింగ్ అయ్యాక ఇస్త్రీ దాదాపు అవసరం రాదు. లోపల పాలిస్టర్ బ్యాటింగ్ ఉంటే వేడికి అణిగిపోయి మళ్ళీ లేవదు. నూలు బ్యాటింగ్ అయినా మెత్తదనం తగ్గుతుంది. అంచు పట్టీ కుట్టేముందు ఆ అంచుల మీద మాత్రం తేలిగ్గా పెట్టె దించండి.